మైక్ సెట్ సత్తిబాబు గారి సింగపూర్ కచేరీ

సింగపూర్ వెళ్ళొచ్చామనగానే మా తణుకులో అందరూ అడిగేది ఒకటే. నోట్లోంచి నీళ్ళు చిమ్మే సింహాన్ని చూశారా అని. చూడలేదు. నెత్తిమీద ఓడ పెట్టుకున్నట్టుండే హోటలు? అది రైల్లోంచి దూరంగా కనిపించిందట, నాకు మాత్రం మావారి తల అడ్డమొచ్చింది. మరెందుకు వెళ్ళినట్టమ్మా అంటే, ఇంగ్లండు నుంచి వచ్చిన ముసలాళ్ళ పాట వినడానికి. ఈ మాట వినగానే నన్ను ఎగాదిగా చూసి, మావారిని ఇంకోసారి ఎగాదిగా చూస్తున్నారు. ఇంటింటికీ విడమరిచి చెప్పే ఓపిక నాకు లేదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

మావారు సత్తిబాబు గారిది మైక్ సెట్ షాపు. మా పెళ్ళికి ముందే, ఊళ్ళో చక్కెర ఫ్యాక్టరీకి కొత్త మిషను బిగించడానికి వచ్చిన ఒక దొర క్రిస్మస్‌కి ఈయన దగ్గర క్యాసెట్లు వేసే యాంప్లిఫయరు ఒకటి అద్దెకు తీసుకున్నాడట. తిరిగిచ్చేటప్పుడు లోపల క్యాసెట్టు మర్చిపోయాడు. అది వాళ్ళ దేశపు పల్లె పాటలకు గిటార్లూ డ్రమ్ములూ కట్టి వాయించే ఒక బ్యాండుది. మధ్యలో ఫిడేలు పరుగెడుతూ ఉంటుంది. ఏ పెళ్ళికి మైకు కట్టినా సౌండు సరిచూసుకోవడానికి ఈయన మొదట వేసేది అదే. మా ఊళ్ళో చాలామంది పెళ్ళికూతుళ్ళు మేళం కంటే ముందు ఆ ఫిడేలే విన్నారు. దానికి సత్తిబాబు పాట అని పేరు కూడా పెట్టారు. నాకది వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి.

నావి మాటవరసకే. ఆయనవి నిజంగానే పడ్డాయి. అన్నేళ్ళు మైకు హారన్ల పక్కన నిలబడితే ఏమవుతుంది? కుడి చెవి ఆరేళ్ళ కిందటే పూర్తిగా పోయింది. ఎడమది సగం ఉంది, ఆ సగం కూడా తగ్గుతోంది. చెవికి మిషను పెట్టుకోమని రాజమండ్రి డాక్టరు చెబితే, "ఊరందరికీ వినిపించినోణ్ణి, నాకు మిషనేంటండీ?" అని కుర్చీలోంచి లేచి వచ్చేశారు.

అలాంటి రోజుల్లో మా చెల్లెలి కూతురు శిరీష సింగపూర్ నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. రైల్వే స్టేషన్లో అంటించిన పోస్టరు. అదే బ్యాండు. యాభై ఏళ్ళు దాటినా ఇంకా వాయిస్తున్నారట. మొదటివాళ్ళలో మిగిలింది ఫిడేలు తాతా, ఇంకొకాయనా. కొత్త పాటలు కట్టుకుని దేశదేశాలు తిరుగుతున్నారు. ఈయన ఆ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి, ఫిడేలు తాత మొహం చాలాసేపు చూసి, "పద్మా, ఈ మిగిలిన అర చెవైనా పోకముందు ఆ ఫిడేలు ఎదురుగా వినాలే" అన్నారు. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. సరే పదండి అన్నాను.

పన్నెండో అంతస్తు

శిరీష వాళ్ళ ఫ్లాటు ఉన్న పేట పేరు చోవా చూ కాంగ్. విమానాశ్రయంలో శిరీష ఆ పేరు చెప్పగానే మావారు, "చావా? ఎవరే చచ్చింది?" అని కంగారుపడ్డారు. అదేం లేదని నేను అరిచి చెప్పేసరికి సామాన్ల కోసం నిలబడ్డవాళ్ళందరూ మావైపు తిరిగారు.

ఊరంతా ఒకే పోలికలో ఉన్న పెద్ద పెద్ద ఫ్లాట్లు. అన్నీ ప్రభుత్వం కట్టించినవే. బట్టలు వెదురు కర్రలకు గుచ్చి కిటికీలోంచి బయటకి చాపుతారు. పన్నెండో అంతస్తు నుంచి ఎవరి లుంగీయో రెపరెపలాడుతుంటే నాకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. ఎక్కడా హారను లేదు, కేక లేదు. కుక్క కూడా మర్యాదగా మొరుగుతోంది.

ఆ నిశ్శబ్దంలో నేను మావారికి భోజనం వడ్డించాను. "ఏవండీ! పప్పు వెయ్యనా? పప్పు! పప్పండీ! పోనీ పులుసా?" ఆయన, "పులుసు ఎందుకు పారేశావ్?" అన్నారు. "పారెయ్యలేదు! పులుసు పొయ్యనా అంటున్నా!" ఇది మా ఇంట్లో రోజూ జరిగేదే. రెండు నిమిషాలకి తలుపు చప్పుడైంది. పక్క ఫ్లాటు చైనా ఆవిడ, చేతిలో నాలుగు కమలాపళ్ళతో నిలబడి ఉంది. ముందు నా మొహమూ తర్వాత ఆయన మొహమూ పరీక్షగా చూసింది. శిరీష ఏదో చెప్పింది, ఆవిడ నవ్వుతూ నా చెయ్యి నొక్కి, పళ్ళు ఇచ్చి వెళ్ళిపోయింది.

"ఏమందే?" అన్నాను.

"ఏం లేదు పెద్దమ్మా. నువ్వు పెదనాన్నతో దెబ్బలాడుతున్నావనుకుంది. ఎవరు ఎవర్ని కొడుతున్నారో చూద్దామని వచ్చింది పాపం."

నాకు తల కొట్టేసినట్టయింది. శిరీష కూతురు తొమ్మిదేళ్ళ ఆద్య పక్కనుంచి, "అమ్మమ్మా, యూ సో లౌడ్ లా!" అంది. అక్కడ మాట చివర ఒక లా తగిలిస్తారు. కొత్త కాపురంలో మా అత్తగారు నన్ను "పెళ్ళికొడుకు ఊరంతటికీ మైకు, పెళ్ళికూతురికి గొంతే లేదు" అని వేళాకోళం చేసేవారు. ఆ పిల్లకి ఆ సంగతి ఎలా చెప్పను? మావారినేమీ తిట్టట్లేదు నాయనా, పప్పు వడ్డిస్తున్నాను అని ఆ పన్నెండు అంతస్తులకూ వినిపించాలనిపించింది.

టీ, ఓ రెండు

మర్నాడు శనివారం. పొద్దున్నే ఇంటి కింద హాకర్ సెంటరుకి వెళ్ళాం. ఒకే కప్పు కింద పాతిక ముప్ఫై తిండి కొట్లు, మధ్యలో బల్లలు. చైనావాళ్ళ నూడుల్స్, మలయ్ వాళ్ళ కొబ్బరిపాల అన్నం, మన పరోటాలు. పరోటాని ప్రాటా అంటారు. పొరలు పొరలుగా, చేప పులుసుతో ఇస్తారు. పులుసులో చింతపండు తక్కువ, లేకపోతే మన గోదావరి పక్కదే అనుకునేదాన్ని. డాలర్లను రూపాయల్లోకి మార్చబోతుంటే శిరీష నా చెయ్యి పట్టుకుని, "పెద్దమ్మా, లెక్క వేశావంటే ఇక్కడ మంచినీళ్ళు కూడా గొంతు దిగవు" అంది. మానేశాను.

టీ నేనే తెస్తానని లేచాను. కొట్లో ఆవిడని పద్ధతిగా అడిగాను, "టీ... ఓ రెండు." ఆవిడ తలూపి రెండు గ్లాసులు ఇచ్చింది. చూస్తే పాల చుక్క లేదు, నల్లగా కషాయంలా ఉంది. మళ్ళీ వెళ్ళి, "ఇది కాదమ్మా, టీ, ఓ రెండు!" అన్నాను. మళ్ళీ నల్లవే రెండు. బల్ల మీద నాలుగు నల్ల గ్లాసులు చేరాక శిరీష పడీ పడీ నవ్వింది. అక్కడ టీని తే అంటారట. తే ఓ అంటే పాలు లేని టీ అట! తెలుగులో "ఓ రెండు" అన్న పాపానికి నాలుగు గ్లాసుల డికాషను తాగి, ఆ పూటంతా గుండె దడదడలాడుతూ తిరిగాను.

అక్కడితో అయిందా? ఇంకో బల్ల మీద ఎవరో కాగితపు రుమాళ్ళ ప్యాకెట్టు మర్చిపోయి వెళ్ళారు. అయ్యో పాపం అని అది పట్టుకుని, ఆ బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్ళిన అమ్మాయి వెనకాలే పరుగెత్తి, ఆమె చేతిలో పెట్టాను. ఆ అమ్మాయి థాంక్యూ అనకపోగా ఏడుపు మొహం పెట్టింది. ఈలోపు ఆ బల్ల దగ్గర ఎవరో కూర్చున్నారు కూడా. అలా ప్యాకెట్టు పెట్టి వెళ్తే ఆ చోటు మనదని అర్థమట. దాన్ని చోప్ చెయ్యడం అంటారు. ఎవరూ ముట్టుకోరు, నాలాంటి పుణ్యాత్మురాలు తప్ప.

శిరీష ఇదంతా చెవి దగ్గర చేరి చెప్పగానే మావారు బల్ల చరిచి నవ్వారు. "మన బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేస్తాం కదే! అదే ఇది. వీళ్ళూ మనోళ్ళేనన్నమాట." ఆ ఊరు వచ్చాక ఆయన మొహం అంతలా విప్పారడం అదే మొదలు.

ఆదివారం పొద్దున్న, లిటిల్ ఇండియా

కచేరీ ఆదివారం సాయంత్రం అయిదింటికి. పొద్దున్న కరివేపాకు కోసమని శిరీష మమ్మల్ని లిటిల్ ఇండియా తీసుకెళ్ళింది. రైలు దిగి పైకి రాగానే మల్లెపూల వాసన. గుళ్ళు, చీరల కొట్లు, ఇళ్ళకు డబ్బు పంపే కొట్లు. ఆదివారం సెలవు కాబట్టి కట్టుబడి పనులు చేసే మన దేశపు కుర్రాళ్ళూ బంగ్లాదేశ్ వాళ్ళూ వీధంతా నిండిపోయి ఉన్నారు. రెండు రోజుల తర్వాత అంత గోల వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఎంత గట్టిగా మాట్లాడినా ఎవరూ తిరిగి చూడలేదు.

కొట్టు ముందు వరసలో నిలబడితే వెనకనుంచి ఒకతను, "ఏ ఊరక్కా మీది?" అన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. పేరు మల్లేశం, జగిత్యాల దిక్కు. మా సంగతి చెబితే ఆశ్చర్యపోయాడు. "పాట ఇనుటానికి గింత దూరమొచ్చిండ్రా? మస్తుంది పో! నేను వచ్చి తొమ్మిదేండ్లాయె, ఒక్క సినిమా సుత సూడలే."

అంతలో అతని ఫోను మోగింది. "మా ఇంటామె" అని నాతో చెప్పి, గోడవైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు. అంత గోలలోనూ చాలా మెల్లగా. ఏమన్నాడో ఒక్క ముక్క నాకు వినపడలేదు. అవతల ఆవిడ ఏమందో గాని, ఇతను సిగ్గుపడిపోయి, చెప్పు కాలితో నేల మీద గీతలు గీస్తూ నవ్వుకుంటున్నాడు.

నిజం చెప్పొద్దూ, నాకు కుళ్ళు పుట్టింది. ఎన్నో సముద్రాల అవతలున్న పెళ్ళాంతో ఇతను గుసగుసలాడుతున్నాడు. నా మొగుడు నా పక్కనే, మూరెడు దూరంలో ఉన్నాడు. ఆరేళ్ళుగా నేను ఆయనతో అరిచి చెప్పగలిగినవే చెబుతున్నాను. అన్నానికి రండి, మాత్ర వేసుకోండి, తలుపు వెయ్యండి. అరిచి చెప్పకూడనివి ఎన్ని ఉంటాయి సంసారంలో! అవన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. ఆ కొట్టు ముందు అదే ఆలోచనలో, కరివేపాకు రెండు కట్టలు తీసుకోవాల్సింది నాలుగు తీసుకున్నాను.

చెల్లని తువ్వాలు

కచేరీ జరిగేది ఒకప్పటి బడి భవనంలో. ఇప్పుడు పాటలకూ నాటకాలకూ ఇస్తున్నారు. టికెట్ల మీద సీటు నంబర్లు లేవు, ముందొచ్చినవాళ్ళకి ముందు. మమ్మల్ని గేటు దగ్గర దింపి శిరీష వెళ్ళిపోయింది. ఈయన మూడున్నరకే నన్ను లోపలికి లాక్కెళ్ళి, మొదటి వరుసలో స్పీకరుకి ఎదురుగా రెండు కుర్చీలు ఎంచుకున్నారు. ఎడమ చెవికి సరిగ్గా సరిపడేలా ఏ పక్క కూర్చోవాలో రెండుసార్లు లేచి కూర్చుని చూసుకున్నారు. తర్వాత బ్యాగులోంచి తువ్వాలు తీసి రెండు కుర్చీల మీదా పరిచి, "చోప్!" అన్నారు గర్వంగా. ఇద్దరం టీకి వెళ్ళాం. ఈసారి పాలతోనే తెచ్చుకున్నాం.

తిరిగొచ్చేసరికి మా కుర్చీల్లో ఒక ముసలి జంట కూర్చుని ఉంది. తువ్వాలు లేదు. ద్వారం దగ్గరున్న ఆవిడ, ఎవరో మర్చిపోయిన వస్తువనుకుని దాన్ని చక్కగా మడిచి, పోయిన సామాన్ల కౌంటర్లో భద్రంగా అప్పజెప్పిందట. అక్కడ కాగితపు రుమాలుకున్న పరపతి మన తువ్వాలుకి లేదు. అప్పటికే హాలు నిండిపోయింది. మమ్మల్ని అందరికంటే వెనక, సౌండు మిషన్ల బల్ల పక్కన మిగిలిన రెండు కుర్చీల్లో కూర్చోబెట్టారు.

ఈయన మొహం మాడిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అంత దూరం వచ్చి, ఉన్న అర చెవినీ తీసుకొచ్చి వెనక గోడకి ఆనించినట్టయింది.

ఫిడేలు తాత వచ్చాడు. నిజంగానే తాత. కుర్చీలో కూర్చుని వాయించాడు. ఏదో చెప్పాడు, అందరూ చప్పట్లు కొట్టారు. మొదటి పాట మొదలైంది. డ్రమ్ములు, గిటార్లు, నా కుర్చీ కూడా అదురుతోంది. వాటి పైనుంచి ఫిడేలు సన్నగా, తీగలాగా వచ్చింది. నాకు తెలిసిన పాట కాదు. ఈయన తల ఇటూ అటూ తిప్పుతున్నారు, చెవికి చెయ్యి అడ్డం పెడుతున్నారు. రెండో పాట కూడా అయిపోయింది. నావైపు తిరిగి, "డ్రమ్ములే వస్తున్నాయే. ఆయన వాయిస్తున్నాడా అసలు?" అన్నారు. బిక్కమొహం వేసుకుని అడిగారు. ఆ మొహం నేను చూడలేకపోయాను.

"వాయిస్తున్నాడండీ!" అని అరిచాను. "బాగా వాయిస్తున్నాడు! వినపడట్లేదా? ఫిడేలండీ, ఫిడేలు!"

రెండు పాటల మధ్య ఖాళీలో పడింది నా కేక. ముందు నాలుగు వరుసలు వెనక్కి తిరిగాయి. సౌండు బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన కూడా తిరిగాడు. తెల్ల గడ్డం, బొద్దు మనిషి. ఇక బయటికి పంపించేస్తాడనుకున్నాను.

"తెలుగువాళ్ళా? ఆంధ్రానా?" అన్నాడు. అవునని తలూపాను. "మా తాత అనకాపల్లి అమ్మా. నేను ఇక్కడే పుట్టినాను. పేరు రాజు. అంకుల్‌కి కాదు వినపడలేదా?"

కాదు అంటే చెవి అని అర్థం కావడానికి నాకు ఒక క్షణం పట్టింది. తాతలనాటి తెలుగులో అరవం కలిసిపోయిందన్నమాట. మావారు మైక్ సెట్ మనిషనీ, చెవులు ఎలా పోయాయో, ఎందుకొచ్చామో రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన తన చెవులు చూపించి, "నాకూ లెఫ్ట్ సైడ్ పోయింది. మన వేలై అలాంటిది లా" అన్నాడు. వేలై అంటే పనట. తన మెడలోని పెద్ద హెడ్‌ఫోన్లు తీసి మావారి తలకి తగిలించాడు. బల్ల మీద ఏవో రెండు మీటలు జరిపి, ఫిడేలు ఒక్కటే వాటిలోకి పంపించాడు.

మూడో పాట మొదలైంది. మావారి మొహం నేను చూస్తున్నాను. ముందు కనుబొమలు లేచాయి. తర్వాత వేళ్ళు మోకాలి మీద కదిలాయి. కాసేపటికి ఆయన కళ్ళు మూసుకున్నారు. చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. నేను తుడవబోతే చెయ్యి నెట్టేశారు.

మధ్యలో రాజు గారు మాటల్లో నాతో అన్నారు, ఈసారి వీళ్ళు పాత పాటలేవీ వాయించడం లేదని, అన్నీ కొత్తవేనని. క్యాసెట్టులో పాట రాదన్నమాట! ఇది మావారికి ఎలా చెప్పాలా అని కచేరీ అంతా మథనపడ్డాను. ఆఖరి పాట అయ్యి దీపాలు వెలిగాక, హెడ్‌ఫోను ఒక పక్కకి జరిపి, చెవి దగ్గర అరిచి చెప్పాను.

ఆయన నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశారు. "పాతది ఎవడిక్కావాలే? అది చెవుల్లేకపోయినా వినపడుద్ది నాకు. కొత్తదానికే కదా చెవులు కావాలి!"

రాజు గారి మైకు

జనం వెళ్ళిపోతున్నారు. బయట ఇంకా వెలుతురుంది. రాజు గారు, "మకాన్ అయిందా అమ్మా? తిని వెళ్ళండి, ముందువైపు క్యాంటీన్ ఉంది" అన్నారు. మావారు హెడ్‌ఫోన్లు ఇంకా తీయలేదు. దాని బొడిపెలు తడిమి చూస్తూ, వైరు ఎక్కడికి పోతోందో చూస్తూ, ఆ బల్లంతా పరీక్షిస్తున్నారు. వాళ్ళిద్దరూ ఒకే పని చేసేవాళ్ళు కదా, మాట లేకుండానే ఒకరికొకరు అర్థమైపోయారు. రాజు గారు బల్ల మీదున్న చిన్న మైకు నావైపు తిప్పారు. వేదిక మీదివాళ్ళతో మాట్లాడ్డానికి పెట్టుకున్నదట. "ఇందులో మాట్లాడమ్మా. అంకుల్‌కి వినపడుతుంది" అని చెప్పి, తాను వైర్లు చుట్టడానికి వేదిక వైపు వెళ్ళారు.

నేను మైకు దగ్గరికి వంగి, అలవాటుగా, "ఏవండీ! వినపడుతోందా?" అన్నాను.

ఆయన కుర్చీలోంచి ఎగిరిపడ్డారు. "చంపేశావే! చెవులు పగిలిపోయాయి! మెల్లగా చెప్పహే!"

మెల్లగా చెప్పమని నా మొగుడు నాతో అన్నాడు. ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. నోరు తెరిస్తే కేకే వస్తుందని భయమేసింది. గొంతు సవరించుకుని, ఊపిరి తగ్గించుకుని, ఒకటికి రెండుసార్లు అటూ ఇటూ చూసి, పెదాలు మైకుకి ఆనించాను.

"రాజు గారి ప్యాంటు వెనక కుట్టు విడిపోయింది. చెప్పనా, వద్దా?"

ఆయన వేదిక వైపు చూశారు. వంగి వైర్లు చుట్టుకుంటున్న రాజు గారిని చూశారు. నవ్వు ఆపుకోలేక రెండు చేతులతో నోరు మూసుకున్నారు, భుజాలు ఊగిపోతున్నాయి. నేనూ నవ్వాను, చప్పుడు కాకుండా. మేమిద్దరం అలా దొంగనవ్వు నవ్వుకుని ఆరేళ్ళయింది.

నవ్వు తగ్గాక ఆయన కళ్ళు తుడుచుకుని, హెడ్‌ఫోన్లు రెండు చేతులతోనూ చెవులకేసి అదుముకున్నారు.

"ఆ రాజమండ్రి డాక్టరు నంబరు ఉందా నీ దగ్గర?"

"ఉంది" అన్నాను మెల్లగా.

"సరే అయితే. ఇంకా చెప్పు."

ఆరేళ్ళ కబుర్లు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. కుర్చీ దగ్గరగా లాక్కుని, మైకు చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకుని, ముందుగా ఆయన చెల్లెలి సంగతి ఎత్తుకున్నాను.